మిత్తి చెల్లించునది ఎవరు?

తెలంగాణమున వడ్డీని మిత్తి అందురు. సూర్యాపేట నుండి జనగామకు పోవు మార్గమునందున్న తిరుమలగిరిలో గాని, ఆ చుట్టుప్రక్కల పల్లెలలో గాని మిత్తి లెక్క తెలియని పెద్దలు అరుదు. బ్యాంకులవారు సంవత్సరమునకు ఇంత శాతమని చెప్పుదురు. ఊరివారు నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకొందురు. రూపాయి మిత్తి అనగా సంవత్సరమునకు 12 శాతము. రెండు రూపాయల మిత్తి అనగా 24 శాతము. రూపాయికి ఇచ్చువాడు మంచివాడనియు, ఐదు రూపాయలు అడుగువాడు కఠినుడనియు అనుకొనుట కలదు. అయితే, "నేనే ఐదు రూపాయల మిత్తి ఇచ్చెదను, నీ ధనము నాయొద్ద ఉంచుము" అని తానై వచ్చువానిని మాత్రము తెలిసినవారు వెంటనే నమ్మరు. ఇంత మిత్తి వీడు ఎక్కడనుండి తెచ్చి ఇచ్చునని ముందుగా విచారింతురు. ఆ విచారణయే ఈ ప్రసంగమునకు విషయము.

ఈ ప్రశ్న ఇప్పుడు క్రొత్త రూపమున ఇండ్లలోనికి వచ్చినది. బిట్‌కాయిన్ మొదలగు క్రిప్టో నాణెములను కొని ఒక ఆన్‌లైన్ వేదికలో ఉంచినయెడల వడ్డీ వచ్చునను ప్రకటనలు చేతిలోని ఫోనులందు కనబడుచున్నవి. హైదరాబాదులోను, బెంగుళూరులోను ఉద్యోగములు చేయు పిల్లలు, అమెరికాలోనున్న బంధువులు ఈ మాటను ఇంటికి తెత్తురు. బ్యాంకులో ఆరేడు శాతమునకు పడియున్న పింఛను ధనమునో, పొలము అమ్మగా వచ్చిన ధనమునో అందులో ఉంచరాదా యని అడుగుదురు. వారి ఉద్దేశము మంచిదే. కాని అక్కడ ఆ ధనము ఏమగునో తెలిసికొనిన పిదపనే పెద్దలు సమాధానము చెప్పవలెను.

క్రిప్టో నాణెము చేతితో ముట్టుకొనదగినది కాదు. లోకమందు పలుచోట్లనున్న వేలకొలది కంప్యూటర్లు ఒకే ఖాతాపుస్తకమును వ్రాయుచు, పద్దులను పరస్పరము సరిచూచుకొనుచుండును. ఆ పుస్తకములోని పద్దే నాణెము. పద్దును మార్చుటకు ఒక రహస్య సంఖ్య కావలెను. అది ఇనుపపెట్టె తాళపుచెవి వంటిది. ఎవనియొద్ద నుండునో వాడే నాణెమునకు యజమానివలె వ్యవహరింపగలడు. 2009లో మొదలైన బిట్‌కాయిన్ ఈ నాణెములలో మొదటిది. దాని వెనుక ప్రభుత్వము లేదు, బంగారము లేదు. కొనువారి నమ్మకమును బట్టియే దాని ధర. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ సుమారు 69 వేల డాలర్లు పలికెను. సంవత్సరము తిరుగునప్పటికి 16 వేల డాలర్ల దాపునకు దిగెను. తరువాతి సంవత్సరములలో మరల ఎన్నో రెట్లు పెరిగెను. ఈ ఒడుదొడుకులకు జంకువారి కొరకు స్థిరనాణెములు అనునవి వచ్చినవి. ఇట్టి నాణెము ఒక్కొక్కటి ఎల్లప్పుడును ఒక డాలరుతో సమానముగా నుండునని వానిని వెలువరించువారు చెప్పుదురు.

పొలము పండును, పాడిగేదె పాలిచ్చును, అద్దెకిచ్చిన ఇల్లు అద్దె తెచ్చును. నాణెము తనంతట తాను ఏమియు ఈయదు. కాబట్టి దానిపై వడ్డీ వచ్చుచున్నదన్నచో, దానిని మరియొకడు వాడుకొని, వాడుకొన్నందుకు మూల్యము చెల్లించుచున్నాడని అర్థము. చెల్లించువాడు ఎవడు? ఎందులకు చెల్లించును? చెల్లింపలేనియెడల దిక్కెవరు? ఊరిలో అప్పు ఇచ్చునప్పుడు ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు కండ్లయెదుటనే ఉండును. తీసికొనువాడు విత్తనములకో, పెండ్లికో తీసికొనును. వాని ఇల్లు, పొలము మనకు తెలియును. రెవిన్యూ స్టాంపుపై సంతకముతో ప్రామిసరీ నోటు వ్రాయించుకొందుము. మూడేండ్లు దాటక మునుపే దానిని తిరుగ వ్రాయించుకొనుట గాని, కోర్టుకు పోవుట గాని చేయుదుము. ఇంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు అసలు మునుగును.

బ్యాంకులో ధనము ఉంచినప్పుడు ఈ ప్రశ్నలను మన పక్షమున మరియొకరు అడుగుచున్నారు. బ్యాంకు ఎవరికి ఎంత అప్పు ఈయవచ్చునో, ఎంత సొమ్ము విడిగా ఉంచుకొనవలెనో రిజర్వు బ్యాంకు నియమములు చేయును. అవి విఫలమైనను డిపాజిట్ల భీమా కలదు. 2001లో హైదరాబాదులోని కృషి సహకార పట్టణ బ్యాంకు కూలినప్పుడు ఈ భీమా ఒక్కొక్కరికి లక్ష రూపాయల వరకే ఉండెను. అంతకుమించి దాచుకొన్నవారి వేదన ఆనాటివారికి జ్ఞాపకముండును. 2020 ఫిబ్రవరి 4 నుండి ఈ హద్దును ఐదు లక్షలకు పెంచిరి. బ్యాంకు ఇచ్చు వడ్డీ స్వల్పముగా నుండుటకు ఈ కట్టుబాట్లును ఒక కారణము. ఆ స్వల్పత్వములో మన నిద్రకు చెల్లించిన వెలయును చేరియున్నది.

ఇక క్రిప్టో వేదికల వడ్డీ ఏ దారులలో వచ్చునో చూతము. మొదటి దారి అప్పులది. వేదికవారు మననుండి నాణెములను తీసికొని, ధరల హెచ్చుతగ్గులపై వ్యాపారము చేయు సంస్థలకు ఎక్కువ వడ్డీకి అప్పుగా నిత్తురు. వచ్చినదానిలో కొంత తాముంచుకొని మిగిలినది మనకిత్తురు. బజారు ఎక్కుచున్నంతకాలము ఆ సంస్థలు ఎంత వడ్డీయైనను చెల్లించుటకు ఉత్సహించును; బజారు దిగినప్పుడు వడ్డీయే కాక అసలును నిలిచిపోవును.

రెండవ దారి మనుష్యులు లేని అప్పుల కొట్టు వంటిది. ఆవే, కాంపౌండ్ అనునవి ఇట్టివి. ఇచ్చువారి నాణెములన్నియు ఒక రాశిగా నుండును. తీసికొనువాడు తాను తీసికొను విలువకంటె ఎక్కువ విలువగల మరియొక నాణెమును తాకట్టుపెట్టవలెను. తాకట్టు ధర పడిపోయినచో, వ్రాసిపెట్టిన ఆజ్ఞల ప్రకారము కంప్యూటరే దానిని అమ్మివేయును. బంగారముపై అప్పిచ్చువారు గడువు దాటిన నగను వేలము వేయుట వంటిదే ఇది. కాని ఇక్కడ నోటీసు లేదు, గడువు లేదు. తాకట్టు ఉండుటచే ఈ పద్ధతి కొంత మేలు. అయినను ఆజ్ఞల వ్రాతలో ఒక్క లోపమున్నను దొంగలకు ద్వారము తెరచినట్లే. 2023 మార్చి 13న ఆయిలర్ అను ఇట్టి కొట్టునుండి సుమారు 19 కోట్ల 70 లక్షల డాలర్ల విలువగల నాణెములు కొన్ని నిమిషములలో తరలిపోయినవి. తరువాత దొంగ వానిలో చాలభాగమును తిరిగి ఇచ్చెను. కాని దొంగ మనసు మారుటను నమ్ముకొని ఎవరును సొమ్ము దాచుకొనలేరు.

మూడవ దారి అసలు వడ్డీయే కాదు. ఇథీరియం అను నాణెపు ఖాతాపుస్తకము 2022 సెప్టెంబరు 15 నుండి క్రొత్త పద్ధతిలో నడచుచున్నది. తమ నాణెములను పణముగా నుంచి పద్దులను సరిచూచువారికి ఆ నాణెములలోనే కూలి దొరకును. దీనిని స్టేకింగ్ అందురు. ఇందులో అప్పు తీసికొనువాడు లేడు. అయితే కూలి నాణెములలో వచ్చునే కాని రూపాయలలో రాదు. నూరు నాణెములు నూట మూడైనను, ఒక్కొక్కదాని ధర సగమైనప్పుడు చేతికందిన లాభమేమున్నది?

నాలుగవ దారిని ప్రకటనలలో చెప్పరు. వడ్డీ ఇచ్చుటకు వేదికవారు తమ మూలధనమునే వెచ్చింతురు. లేదా క్రొత్తగా చేరినవారి ధనమును పాతవారికి పంచుదురు. పైకి చూచువారికి ఈ నాలుగు దారులును ఒకే విధముగా కనబడును. నెలనెలయు ఖాతాలో అంకె పెరుగుచునే ఉండును.

ప్రకటనలలోని అంకెలను మన మిత్తి లెక్కకు మార్చి చూచినయెడల సంగతి తేటపడును. మన దేశీయులు విరివిగా చేరిన వాల్డ్ అను వేదిక సింగపూరులో నమోదైనది. అది స్థిరనాణెములపై 12.68 శాతము వరకు రాబడి చూపెను. నూటికి నెలకు రూపాయి చొప్పున చక్రవడ్డీ వేసినచో లక్ష రూపాయలు సంవత్సరాంతమునకు 1,12,683 అగును. అనగా ఆ వింత అంకె మన రూపాయి మిత్తియే. టెర్రా అను నాణెముల కుటుంబమునకు చెందిన యాంకర్ వేదిక సుమారు 19.5 శాతము ఇచ్చెను. అది రూపాయిన్నర మిత్తికి చక్రవడ్డీ. ఊరిలో రూపాయిన్నర మిత్తికి అప్పు ఇచ్చువాడు నోటు వ్రాయించుకొనక ఈయడు. యాంకర్‌లో ఉంచినవారికి నోటు లేదు, సాక్షి లేడు, తీసికొన్నవాని ముఖము తెలియదు.

యాంకర్‌లో ఇచ్చువారు ఎక్కువ, తీసికొనువారు తక్కువ. తీసికొన్నవారి వడ్డీ చాలక, ఒక నిలువ నిధి నుండి లోటు పూడ్చుచుండిరి. ఆ నిధి తరిగిపోవుచుండగా 2022 ఫిబ్రవరిలో 45 కోట్ల డాలర్ల విలువగల స్థిరనాణెములతో దానిని మరల నింపిరి. అనగా ఆ మిత్తిలో పెద్దభాగమును చెల్లించినది అప్పు తీసికొన్నవాడు కాదు, ఆహ్వానించిన గృహస్థే. 2022 మే రెండవ వారమున టెర్రావారి స్థిరనాణెము డాలరుతో సమానతను కోల్పోయి, కొలది దినములలోనే పైసలకు దిగజారెను. దానితో ముడిపడిన నాణెమును కూలెను. రెండును కలిపి సుమారు 4,000 కోట్ల డాలర్ల విలువ అంతరించెను. దాని స్థాపకుడైన డో క్వాన్ 2025 ఆగస్టులో అమెరికా కోర్టులో తన నేరము అంగీకరించెను.

ఒక గోడ కూలగానే దానికి ఆనియున్న గోడలు కూలుట మొదలయ్యెను. అమెరికాలో సెల్సియస్ అను వేదిక 2022 జూన్ 12న ఖాతాదారుల చెల్లింపులను నిలిపివేసి, జులై 13న దివాలా దరఖాస్తు చేసెను. వాయేజర్ అను మరియొక వేదిక, త్రీ యారోస్ క్యాపిటల్ అను ఒక్క సంస్థకే 15,250 బిట్‌కాయిన్లను, 35 కోట్ల డాలర్ల స్థిరనాణెములను అప్పుగా నిచ్చియుండెను. ఆ సంస్థ ఎగవేయగా వాయేజరు కూడ అదే జులైలో దివాలా తీసెను. మన దేశీయులు చేరిన వాల్డ్ 2022 జులై 4న చెల్లింపులను ఆపెను. అప్పటికి దానియందు సుమారు ఎనిమిది లక్షలమంది చేరియుండిరి. తన ఆస్తులు సుమారు 33 కోట్ల డాలర్లనియు, తాను ఈయవలసినది సుమారు 40 కోట్ల డాలర్లనియు ఆ సంస్థ ఋణదాతలకు తెలిపెను. ఆ ఆగస్టులో సింగపూరు కోర్టు దానికి ఋణదాతల దావాల నుండి మూడు నెలల గడువు నిచ్చెను. అదే నెలలో మన దేశపు ఎన్ఫోర్స్‌మెంటు డైరెక్టరేటు, వేరొక కేసు దర్యాప్తు సందర్భమున, వాల్డ్ భారతీయ శాఖకు చెందిన సుమారు 370 కోట్ల రూపాయల విలువగల ఆస్తులను స్తంభింపజేసెను. సింగపూరు కోర్టునకును మన డైరెక్టరేటునకును నడుమ, రూపాయి మిత్తికి ఆశపడిన సామాన్య ఖాతాదారుడు ఏ గుమ్మము తట్టవలెనో ఎరుగక నిలిచెను.

సెల్సియస్ వ్యవహారమున వచ్చిన తీర్పు ఒకటి అందరును తెలిసికొనదగినది. "మా ఖాతాలోని నాణెములు మావి, మాకు తిరిగి ఇప్పింపుడు" అని ఖాతాదారులు ప్రార్థించిరి. 2023 జనవరి 4న న్యూయార్కులోని దివాలా న్యాయమూర్తి మార్టిన్ గ్లెన్ అట్లు కాదనెను. వడ్డీ ఖాతాల షరతులను ఒప్పుకొన్న దినముననే నాణెముల యాజమాన్యము సెల్సియసునకు సంక్రమించినదనియు, సుమారు ఆరు లక్షల ఖాతాలలోని 420 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దివాలా ఆస్తిలో భాగమనియు తీర్పు చెప్పెను. అనగా ఖాతాదారులు దాచుకొన్నవారు కారు. హామీ లేని అప్పు ఇచ్చినవారు. ఒప్పుకొన్నాము అను మీటను నొక్కినప్పుడు వారు ప్రామిసరీ నోటును పొందలేదు సరికదా, తమ సొత్తును వ్రాసియిచ్చిరి. ఆ సంస్థ స్థాపకుడు అలెక్స్ మషిన్‌స్కీకి 2025 మేలో 12 సంవత్సరముల కారాగారశిక్ష పడెను.

న్యాయముగా మరియొక ప్రక్కను కూడ చెప్పవలెను. కొన్ని చోట్ల నాణెములు తిరిగి వచ్చినవి. జెమిని అను సంస్థ వడ్డీ పథకములో చేరినవారి నాణెములు 2022 నవంబరులో చిక్కుకొనగా, 2024లో వారికి నాణెములే మరల అందినవి. సెల్సియస్ ఖాతాదారులకు మాత్రము దివాలా దినమునాటి ధరకు లెక్క కట్టిరి. ఆనాడు బిట్‌కాయిన్ సుమారు 20 వేల డాలర్లు. పంపకము మొదలైన 2024 ఆరంభమున దాని ధర అంతకు రెట్టింపునకు పైబడియుండెను. ధర పడినప్పటి నష్టము వారిది. పెరిగినప్పటి లాభములో పెద్దభాగము వారిది కాకపోయెను.

తిరుమలగిరి ప్రాంతపు చరిత్రను ఎరిగినవారికి ఇక్కడ ఒక వైపరీత్యము కనబడును. నిజాము కాలమున దేశముఖుల గడీల క్రింద ఈ పల్లెలు నలిగినప్పుడు నాగు అను ధాన్యపు అప్పు ఉండెను. గింజలు తీసికొన్న రైతు పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఈయవలసియుండెను. 1946 నుండి 1951 వరకు జరిగిన రైతాంగ పోరాటమునకు ఈ మిత్తుల పీడన ఒక కారణము. ఆనాడు మిత్తి వలన నశించినవాడు అప్పు తీసికొన్నవాడు. నేటి ఈ వేదికలలో నశించుచున్నవాడు అప్పు ఇచ్చినవాడు. తాను అప్పు ఇచ్చుచున్నానని వానికి తెలియకపోవుటయే ఈ ఆపదకు మూలము.

మన దేశమున క్రిప్టోను కలిగియుండుట నేరము కాదు. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులకు విధించిన నిషేధమును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసెను. 2022 ఏప్రిల్ నుండి నాణెములను అమ్మగా వచ్చిన లాభముపై 30 శాతము పన్ను కలదు. ఒక నాణెముపై వచ్చిన నష్టమును మరియొకదాని లాభములో తగ్గించుకొనుటకు వీలులేదు. 2023 మార్చి నుండి ఈ వ్యాపారము చేయువారు ప్రభుత్వపు ఆర్థిక సమాచార విభాగమునకు లెక్కలు చూపవలసియున్నది. పన్ను కట్టుచున్నాము గనుక ప్రభుత్వము హామీ ఇచ్చినట్లే యని కొందరు భ్రమపడుదురు. పన్ను వేరు, హామీ వేరు. డిపాజిట్ల భీమా ఈ ఖాతాలకు లేదు. అమెరికాలో సైతము 2025 జులైలో వచ్చిన చట్టము, స్థిరనాణెములను వెలువరించువారు వానిని కలిగియున్నవారికి వడ్డీ చెల్లింపరాదని శాసించినది. నాణెము వేరు, బ్యాంకు డిపాజిట్టు వేరు అను గీతను ఆ చట్టము స్పష్టపరచినది.

ఇట్టి దెబ్బ మనకు క్రొత్తది కాదు. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ పల్లెపల్లెలో ఏజెంట్లను నిలిపి లక్షలకొలది కుటుంబముల పొదుపును సేకరించి, గత దశాబ్దమున చెల్లింపులను నిలిపివేసెను. అందులో క్రిప్టో లేదు. భూములు, ఇండ్లస్థలములు అను మాటలు ఉండెను. మాటలు మారినను ప్రశ్న మారలేదు: వడ్డీ ఏ సంపాదన నుండి వచ్చుచున్నది?

కాబట్టి ఇంటిలో ఎవరైన ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు కోపింపక, పరిహసింపక, కూర్చుండి నాలుగు సంగతులు అడుగుడని మా మనవి. నా నాణెమును వాడుకొనునది ఎవరు, వారి తాకట్టు ఏమి? తాళపుచెవి నాయొద్ద ఉండునా, వేదికయొద్ద ఉండునా? షరతులలో యాజమాన్యము ఎవరిదని వ్రాసియున్నది? వేదిక మూతపడినచో ఏ దేశపు కోర్టుకు పోవలెను? ఈ నాలుగింటికి తెలుగులో, తేటమాటలలో సమాధానము చెప్పలేనివారు ఆ పథకమును తామే గ్రహింపలేదని భావింపవచ్చును. గ్రహించి, నష్టమును ఓర్వగలిగి, చిన్న మొత్తముతో ప్రయత్నించు యువకుని మేము తప్పుపట్టము. పింఛను, పెండ్లి ఖర్చు, వైద్యము, పంట పెట్టుబడి కొరకు ఉంచిన ధనము మాత్రము అటు పోరాదు.

రోజుకు నూటికి రూపాయి ఇచ్చెదమని ఫోనులో ఆహ్వానించువారిని గూర్చి ఒక్క మాట. ఆ లెక్కకు చక్రవడ్డీ వేసినచో లక్ష రూపాయలు సంవత్సరములో దాదాపు 37 లక్షల 78 వేలు కావలెను. భూమిమీద ఏ వ్యాపారమును ఏటేట అట్లు పండదు. మొదట రెండు మూడు పర్యాయములు చిన్న మొత్తములను తిరిగి ఇచ్చి నమ్మకము కలిగించుట వారి ఎర. అట్టి వలలో చిక్కినవారు సిగ్గుపడి దాచుకొనరాదు. ఆలస్యము చేయక 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపినయెడల, తరలిన ధనమును బ్యాంకులలో ఆపుటకు అంత అవకాశముండును.